వృద్ధాశ్రమవాసుల లెక్క

జనాభా గణకుడు గడప ముందు నిలిచి మొదట అడుగునది, కుటుంబ పెద్ద యెవరని. నలుబదిమంది వృద్ధులు నివసించు ఆశ్రమమున ఈ ప్రశ్నకు సమాధానమేమి? పరస్పరము బంధువులు కాకయే ఒక్క వంటశాలలో భుజించుచు సంస్థలలో నుండువారిని జనాభా లెక్కలలో 'సంస్థాగత కుటుంబ'మందురు. అందు మేనేజరునే పెద్దగా వ్రాసికొనుట నియమము. విద్యార్థి వసతిగృహము, చెరసాల, అనాథశరణాలయము, వృద్ధాశ్రమము అన్నియు ఈ పేరు క్రిందికే వచ్చును. 2011 లెక్కల ప్రకారము మన దేశమున 60 ఏండ్లు, ఆపైన వయస్సు గలవారు 10 కోట్ల 38 లక్షలు. వారిలో ఆశ్రమములలో నున్నవారెందరో, ఎట్లున్నారో ఆ అంకె చెప్పదు.

నమూనా సర్వేలలో మన తెలుగువారికి మరియొక చిక్కు కలదు. జాతీయ నమూనా సర్వే సూచనలలో అనాథాలయములు, ఆశ్రమములు పరిధికి వెలుపలివి. వృద్ధుల నిలయములలోని వారిని మాత్రము చేర్చుకొనవచ్చునని తరువాతి విడతలలో సడలింపు వచ్చినది. మన ఊళ్లలోనో, ఆ నిలయముల బోర్డుపై నుండునది 'వృద్ధాశ్రమము' అనియే! సర్వే ఉద్యోగి లోపలికి పోవలయునా, దాటిపోవలయునా? 2017-18లో 45 ఏండ్లు, ఆపైన వయస్సువారిని 72,000 మందికి పైగా పలుకరించిన వార్ధక్య అధ్యయనము సయితము ఇండ్లలో నున్నవారినే చూచినది.

ఇది కాగితముల లోపమేగదా యనుకొనవచ్చును. కోవిడ్ వ్యాపించిన 2020లో ఇంగ్లండునందు జరిగినది చూడుడు. దినదినము ప్రకటించిన మరణములు తొలుత ఆసుపత్రులలో సంభవించినవి మాత్రమే. ఏప్రిల్ 29 నుండి గాని సంరక్షణాలయములలోని మరణములు అందు చేరలేదు. సంరక్షణాలయమునుండి ఆసుపత్రికి పోయి మరణించినవారు మరణస్థలమునుబట్టి ఆసుపత్రి లెక్కలోనికి పోయిరి. వారు ఎచ్చట నివసించిరో వేరుగ వెదకి కలుపవలసివచ్చినది.

మేము చూచిన యొక ఆశ్రమమున రిజిస్టరు శుభ్రముగ నున్నది. చేరిన తేదీ, మంచము సంఖ్య, కబురంపవలసినవారి ఫోను సంఖ్య కలవు. చివరి గడిలో 'వెళ్ళిరి' అని యుండును. కుమారుని యింటికి వెళ్ళినను, ఆసుపత్రికి వెళ్ళినను, కన్నుమూసినను ఆ మాటయే. అడుగగా, మంచము ఖాళీయైనదో లేదో తెలియుటకు అది చాలునండీ యని అచటి పర్యవేక్షకురాలు బదులు చెప్పినది. ఆమెను తప్పుపట్టుటకు మాకు మనసొప్పలేదు. మరియొక విధముగ వ్రాయుమని ఆమెకు చెప్పినవారెవరు?

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము, దిక్కులేని వృద్ధులు కనీసము 150 మంది యుండదగిన ఆశ్రమము జిల్లాకొకటియైనను స్థాపింపవచ్చునని రాష్ట్రములకు సూచించుచున్నది. ఆ 150 చాలునో చాలదో ఏ రిజిస్టరు చెప్పగలదు?

అమెరికాలో 1987 నాటి చట్టము ననుసరించి, ప్రభుత్వ ధనము పొందు నర్సింగు నిలయములలో చేరిన ప్రతివారిని 14 దినములలోపల, పిదప మూడు నెలలకొకమారు పరీక్షించి నిర్ణీత పత్రమున వ్రాయుదురు. నడక, భోజనము, జ్ఞాపకశక్తి, నొప్పి అన్నియు అందుండును. అంత దీర్ఘపత్రము మనకు వలదు. నింపువారు నింపుటలోనే అలసిపోయి రోగిని చూడరు. మాకు తోచినది అరపుట మాత్రమే. ఏ ఊరివారు, చూపు వినికిడి ఎట్లున్నవి, లేచి నడవగలరా, ఏ మందులు వాడుచున్నారు, చూడవచ్చువారెవరు, వెళ్ళినచో ఎచటికి, ఎందులకు. ఇవి మేనేజరును గాక, మాటాడగల వృద్ధుల నోటనే విని వ్రాయవలెను. పుట్టినరోజునాడు పండ్లు పంచ వచ్చు దాతలకు ఆ పుట చూపరాదు.

2025లో ప్రభుత్వము ప్రకటించినట్లు, తరువాతి జనగణనకు ప్రమాణదినము 2027 మార్చి 1. తల్లి ఆశ్రమమున నున్నదని చెప్పుటకు సిగ్గుపడి ఆమె పేరు ఇంటియందే వ్రాయించువారు కలరు, ఆశ్రమమువారును వ్రాయింతురు. లేదా, అచట వ్రాసియుందురని వీరు, ఇచట వ్రాసియుందురని వారు ఊరకుందురు. గణన నియమము సులభమే: ఆ దినములలో ఎచ్చట నివసించుచుందురో అచ్చటనే పేరు. అట్టి కుటుంబములవారు లెక్కల దినములలో ఆశ్రమమునకు ఒక్క ఫోను చేసి, "మా అమ్మ పేరు మీరు వ్రాయించితిరా?" యని అడుగవలెను.