విమానమున తుపాకి, తూటాలు



నేడు నేను చెప్పబూనినది విమానప్రయాణమున తుపాకిని, తూటాలను గొనిపోవు విధమును గూర్చి. పైరులను అడవిపందులనుండి కాపాడుకొనుటకై లైసెన్సు పొంది తుపాకి యుంచుకొనిన గృహములు మన గ్రామములందు కలవు. ఆ గృహములనుండియే పిల్లలు చదువులకును, ఉద్యోగములకును విమానములెక్కి పోవుచున్నారు. కావున ఈ విషయము మనకు దూరమైనది కాదు.

మొదట అమెరికా సంయుక్తరాష్ట్రముల పద్ధతి చెప్పెదను. అచ్చట వేట చట్టసమ్మతము. శరత్కాలము రాగానే వేటగాండ్రు అలాస్కా వంటి దూరప్రాంతములకు తుపాకులతో విమానములమీద పోవుదురు. వారు పాటింపవలసిన నియమములు ముఖ్యముగా మూడు. మొదటిది, తుపాకిలో తూటా యుండరాదు. రెండవది, దానిని గట్టిపెట్టెలో నుంచి, మూత యే మూలను లేవకుండ తాళము వేయవలెను. తాళపుచెవి ప్రయాణికునియొద్దనే యుండవలెను. మూడవది, సామాను అప్పగించుచోట "ఇందు తుపాకి గలదు" అని తానుగా చెప్పవలెను. అటుపిమ్మట పెట్టె విమానపు అడుగుభాగమందలి సామానుల గదికి చేరును. ప్రయాణికుడు పైన కూర్చుండును. గమ్యము చేరువరకు ఆ తుపాకి యెవరి చేతికిని అందదు.

తూటాలకు వేరు కట్టడి గలదు. అంతర్జాతీయ నియమముల ప్రకారము, విమానసంస్థ సమ్మతించినచో, ఒక్కొక్కరు సొంతవాడుకకై పెట్టె బరువుతో కూడ 5 కిలోగ్రాములకు మించకుండ తూటాలను సామానులో పంపవచ్చును. ఇద్దరి వాటాలను ఒక్క కట్టగా చేర్చరాదు. తగిలినచోట పేలి మంటలు రేపు గుండ్లు పనికిరావు. అమెరికాలో విడి తుపాకిమందును, దానిని రగిలించు టోపీలను విమానమున నెచ్చటను ఉంచరాదు.

"తూటాలోనున్నదియు మందేకదా! విడిమందునకు మాత్రము నిషేధమేల?" అని సందేహము కలుగవచ్చును. తూటాకు బలమిచ్చునది తుపాకిగొట్టము. గొట్టములో బిగియున్నపుడే, మందు మండగా పుట్టిన ఆవిరి వేరు దారి లేక గుండును ముందునకు నెట్టును. పెట్టెలోని తూటా యొకవేళ పేలినను దాని డొల్ల చిట్లును గాని, గుండు ఆ వేగముతో పోజాలదు. ఆ యపాయము పెట్టెతోనే చాలవరకు అణగిపోవును. విడిమందు అట్లు కాదు. నిప్పురవ్వ యొకటి తగిలినచో మొత్తము ఒక్కసారిగా మండును.

ప్రయాణికుల గదిలో ఆయుధమేల కూడదో మన దేశచరిత్రయే చెప్పుచున్నది. 1971 జనవరి 30వ తేదీన శ్రీనగరునుండి జమ్మునకు పోవుచుండిన "గంగా" యను విమానమును ఇద్దరు యువకులు బెదిరించి లాహోరునకు మళ్లించిరి. ప్రయాణికులు క్షేమముగా విడుదలయిరి. విమానము మాత్రము దగ్ధమైనది. ఆ యువకుల చేతులలోని ఆయుధములు నకిలీవని పిమ్మట తెలిసినది! నకిలీ ఆయుధమే యింత పని చేసినపుడు, నిజమైనదానిని గూర్చి చెప్పవలెనా?

ఇంత తెలిసియు జనులు ఏమరుచునే యున్నారు. 2023వ సంవత్సరమున అమెరికా విమానాశ్రయముల తనిఖీలో 6,737 తుపాకులు చేతిసంచులలో పట్టుబడినవి. వానిలో నూటికి 93 తూటాలు నింపియున్నవే. "మరచితిమి" అనుటయే అచ్చట తరచుగా వినబడు సమాధానము.

ఇక మన సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే మన దేశమున వినోదపు వేట నిషిద్ధమైనది. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము తుపాకికే గాక తూటాకును లైసెన్సు కావలెను. లైసెన్సు గలవారును ముందుగా తెలిపి, ఖాళీ తుపాకిని సామానులోనే పంపవలెను. లైసెన్సు లేనివాని సంచిలో ఒక్క తూటా దొరకినను వానిని పోలీసులకు అప్పగింతురు. ఇట్లు పట్టుబడువారందరు దుష్టులు కారు. తండ్రి పొలమునకు గొనిపోయిన సంచి యడుగున మిగిలిన తూటా, కుమారుని ప్రయాణమునాడు బయటపడవచ్చును. ఆయుధము తనయొద్ద నున్నదని యెరిగి యుంచుకొనుటయే నేరమని సుప్రీముకోర్టు 1972లోనే ఒక తీర్పున వివరించినది. కాని ఆ న్యాయము దక్కులోపల విమానము తప్పును, కొలువునకు చేరవలసిన దినము దాటును, కోర్టుచుట్టు తిరుగవలసివచ్చును.

కావున పెద్దలు కొన్ని జాగ్రత్తలు తీసికొనవలెను. తూటాలకొక ప్రత్యేకమైన పెట్టె యుంచి తాళము వేయుడు. కొన్నవి, కాల్చినవి, మిగిలినవి లెక్క వ్రాయుడు. లెక్క తప్పినచో ఆనాడే వెదకుడు. పొలమునకు తీసికొనిపోవు సంచిని ప్రయాణమునకు ఈయకుడు. ఈయక తప్పనిచో దానిని బోర్లించి దులిపి, లోపలి జేబులను, అతుకులను వ్రేళ్లతో తడవి చూడుడు. విమానాశ్రయమున జ్ఞప్తికి వచ్చినచో, దాచుటయు పారవేయుటయు మాని, తనిఖీకి ముందే అధికారులకు చెప్పవలెనని పిల్లలకు బోధింపుడు.

ఇంటనుండి ఎవరైన విమానమెక్కు ముందునాటి రాత్రి ఈ పరీక్షకు పట్టునది పావుగంట. దానిని మాత్రము మానకుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.