పెన్‌డ్రైవును, తాళపుచెవియు
(సంఘ మాసిక సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గత మాసమున మన కార్యాలయమునకు కలిగిన నష్టము మీలో చాలమందికి తెలిసియే యున్నది. పత్రిక పుటలను పెన్‌డ్రైవులో పెట్టుకొని అచ్చుకూటమునకు పోయిన మన కుర్రవాడు, తిరిగి వచ్చి దానిని కంప్యూటరునకు తగిలించినాడు. చూడగా ఫోల్డరులన్నియు షార్ట్‌కట్టులుగా మారియున్నవి. ఒకదానిపై నొక్కినంతనే ఆ వ్యాధి కంప్యూటరునకును అంటుకొన్నది. ఫైళ్ళు పోయినవని బెదరి, ఎవరో చెప్పిన మాట విని, అతడు డ్రైవును ఫార్మాటు చేసినాడు. తెలుగు మాధ్యమమున చదువుచున్న మన పిల్లల పట్టిక, తలిదండ్రుల సంతకములతో స్కాను చేసిన అర్జీలు అందులోనే యుండెను. వేరొక ప్రతి లేదు.

విచారకరమైన సంగతి యేమనగా, ఫార్మాటు చేయువరకు ఆ ఫైళ్ళు పోలేదు. ఈ జాతి వైరసు సాధారణముగా ఫైళ్ళను చెరపదు; వానిని దాచి, వాని పేర్లతో దొంగ షార్ట్‌కట్టులను నిలుపును. శుభ్రమైన కంప్యూటరుపై ‘అట్రిబ్’ అను ఆజ్ఞతో ఆ దాపరికపు గుర్తును తొలగించినచో అవి మరల కనబడెడివి. కుర్రవానిని నిందించుట నా యుద్దేశము కాదు. తప్పు మన యేర్పాటుది.

మనము సిగ్గుపడ నక్కరయు లేదు. 2008లో అమెరికా రక్షణశాఖ కంప్యూటర్లలోనికే డ్రైవు ద్వారా వైరసు చొరబడగా, ఆ యేడు నవంబరులో వారు డ్రైవుల వాడుకనే నిషేధించిరి. పూర్వము డ్రైవు తగిలించినంతనే అందలి ప్రోగ్రాము తనంతట నడచెడిది. 2009లో వచ్చిన విండోసు 7లో ఆ వాడుకను మాన్పించిరి. పాత విండోసులకు 2011లో సవరణ పంపిరి. కావుననే నేటి వైరసు మన వ్రేలి నొక్కునకై కాచుకొని యుండును.

ఇక మన యేర్పాటు చూడుడు. కంప్యూటరునకు ఒకటే ఖాతా. అది అడ్మినిస్ట్రేటరు ఖాతా. దాని పాస్‌వర్డు గోడ క్యాలెండరు వెనుక వ్రాసియున్నది. (నవ్వులు) ఇట్లేల చేసితిమో నాకు తెలియును. తెలుగు ఫాంటు ఎక్కింపవలెనన్న ప్రతిసారియు ఆ యధికారము కావలసి వచ్చెడిది. 2018 చివర వచ్చిన విండోసు 10 కూర్పు మొదలుకొని సాధారణ ఖాతాదారుడును తన మట్టుకు ఫాంటు ఎక్కించుకొనవచ్చును. ఆ సాకు తీరినది.

ఎవరి ఖాతా వారికుండవలెను. అన్నియు సాధారణ ఖాతాలే. అప్పుడును వైరసు రావచ్చును, నొక్కినవాని ఫైళ్ళను పాడుచేయనువచ్చును. కాని యంత్రమంతటిని వశపరచుకొనుట, ఇతరుల ఫోల్డరులలో జొరబడుట దానికి కష్టమగును. విండోసు ప్రో రకమున, తొలగింపదగిన డ్రైవులనుండి చదువుట, వానిపై వ్రాయుట, వానినుండి ప్రోగ్రాము నడుపుట అను మూడింటిని వేర్వేరుగ నిషేధించు వీలు కలదు. హోమ్ రకమున ఆ పాలసీ పలకయే లేదు. అచ్చు పని చూచు ఖాతాకు వ్రాయుట వదలి, తక్కినవారికి మాన్పవలెనని నా సలహా.

మరియొకటి. కంప్యూటరులో మనమిచ్చిన అనుమతులు పెన్‌డ్రైవుతో ప్రయాణము చేయవు. సభ్యుల చిరునామాలున్న డ్రైవు బస్సులో జారిపడినచో, దొరికినవాడు నిరాటంకముగ చదువుకొనును. బిట్‌లాకరు వంటి గూఢలిపితో బంధించిననే దానికి రక్ష.

పెద్దలొకరు, “నాయనా, నలుబది యేండ్లుగా సంఘము నడుపుచున్నాను, నన్ను శంకింతువా?” అని నన్నడిగినారు. అయ్యా, మా కార్యాలయమున కంప్యూటర్ల సంరక్షణ నా పనియే. అయినను నిత్యకృత్యమునకు నేనును సాధారణ ఖాతాయే వాడుదును. నేను శంకించునది నా వ్రేలినే. అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డును కవరులో ముద్రవేసి కోశాధికారిగారి బీరువాలో నుంతము. క్యాలెండరు వెనుక వ్రాత ఈ సాయంకాలమే చెరపబడును.

వచ్చు ఆదివారము ఉదయము నేను కార్యాలయముననే యుందును. మీ యిండ్లలోని పెన్‌డ్రైవులను తెండు, పరీక్షించి యిచ్చెదను. ఆ పిల్లల అర్జీల నకళ్ళు ఎవరి యింటనైన నున్నచో, వానిని గూడ దయచేసి తెండు.