ముక్క పరీక్షకు సంతకం ఎవరిది?

(దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతాల్లో పనిచేస్తున్న మహిళా కార్యకర్తల ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



లింఫు వ్యాధి అనగానే మనలో చాలామందికి బోదకాలు గుర్తుకొస్తుంది. నల్గొండ వైపు నుంచి వచ్చినవాళ్ళకు దాని గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. దానికి రాత్రిపూట తీసే రక్తపరీక్ష ఉంది, ఇంటింటికీ మాత్రలు పంచే ప్రభుత్వ కార్యక్రమం ఉంది. ఈరోజు నేను మాట్లాడదలచుకున్నది అలాంటి కార్యక్రమం ఏదీ లేని, పేరైనా పెద్దగా ఎవరూ వినని కొన్ని లింఫు జబ్బుల గురించి. అవి స్కానింగులతో తేలవు. మెడలోనో చంకలోనో కట్టిన బిళ్ళను కోసి తీసి, పలచటి పొరలుగా చేసి, రంగులద్ది, మైక్రోస్కోపు కింద చూస్తేనే తెలుస్తాయి. మన బస్తీల్లో ముక్క పరీక్ష అంటారే, అదే బయాప్సీ. ఆ ముక్క తీయాలా వద్దా అని నిర్ణయించే చోట ఆ స్త్రీ ఎక్కడ ఉంటోంది అన్నది నా ప్రశ్న.

దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో ఆడపిల్లల హాస్టళ్ళు ఎన్నున్నాయో మీకు తెలుసు. నల్గొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం జిల్లాల నుంచి కోచింగుల కోసం వచ్చిన, ఇరవై ఏళ్ళకు అటూ ఇటూ ఉన్న పిల్లలు. అలాంటి ఒకమ్మాయికి మెడ పక్కన బిళ్ళ కట్టింది, ముట్టుకుంటే నొప్పి, సాయంత్రానికి జ్వరం వస్తోంది అనుకోండి. మొదట మెడికల్ షాపులో యాంటీబయాటిక్ మాత్రలు. తగ్గకపోతే సందు చివరి క్లినిక్కు. 'టీబీ అయ్యుంటుంది, ఆరు నెలలు మందులు వాడు' అన్న మాట అక్కడ వినపడుతుంది. ఈ అనుమానం నిరాధారమైనదేం కాదు. గండమాల అని మన పెద్దవాళ్ళు పేరు పెట్టుకున్నారంటేనే అదెంత పాత జబ్బో తెలుస్తుంది. ఊపిరితిత్తుల బయట వచ్చే టీబీల్లో మన దేశంలో ముందు వరసలో ఉన్నది లింఫు బిళ్ళల టీబీయే. కానీ అనుమానం వేరు, నిర్ధారణ వేరు.

సరిగ్గా ఇదే వయసు ఆడపిల్లల్లో, ఇవే లక్షణాలతో వచ్చే జబ్బు మరొకటి ఉంది. 1972లో జపాన్‌లో కికుచి, ఫుజిమోతో అనే ఇద్దరు డాక్టర్లు విడివిడిగా దాన్ని గుర్తించి రాశారు. కికుచి వ్యాధి అంటారు. ఆసియా దేశాల్లో, నలభై ఏళ్ళ లోపువాళ్ళలో, అందులోనూ స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తుంది. (రోగులు ఎక్కువగా ఆడవాళ్ళు, జబ్బు పేరు మాత్రం మగ డాక్టరుది. ఇది మనకు కొత్త కాదు.) ఇది అంటువ్యాధి కాదు, క్యాన్సరూ కాదు. సాధారణంగా ఒకటి నుంచి నాలుగు నెలల్లో దానంతటదే తగ్గిపోతుంది.

చిక్కు ఇక్కడే ఉంది. దానంతటదే తగ్గే జబ్బుకి టీబీ మందులు ఇస్తే ఏమవుతుంది? బిళ్ళ తగ్గుతుంది. మందు పనిచేసింది అనుకుంటారు. తన శరీరం తానే నయం చేసుకున్న సంగతి ఆ అమ్మాయికి ఎన్నటికీ తెలియదు. ఆరు నెలల పాటు లివర్ మీద భారం వేసే మందులు మింగుతుంది. వాటిలో రిఫాంపిసిన్ అనేది గర్భనిరోధక మాత్రల ప్రభావాన్ని తగ్గిస్తుంది. పెళ్ళయిన స్త్రీకి ఈ సంగతి ముందే చెప్పాలి. చెప్పేవాళ్ళు ఎంతమంది? ఇక టీబీ అన్న పేరు! హాస్టల్లో దాచాలి, ఊళ్ళో దాచాలి, పెళ్ళిచూపుల్లో దాచాలి. పైగా కికుచి వ్యాధి వచ్చిన కొందరికి ముందో వెనకో లూపస్ రావచ్చు. కాబట్టి కొంతకాలం గమనిస్తూ ఉండాలి. టీబీ అని ఫైలు మూసేస్తే గమనించేదెవరు? రెండోవైపు ప్రమాదం కూడా ఉంది. అనుభవం లేని కళ్ళకు మైక్రోస్కోపు కింద కికుచి బిళ్ళ లింఫోమా క్యాన్సర్‌లా కనిపించగలదు.

కాజిల్‌మన్ వ్యాధి ఇంకా అరుదు. బోస్టన్‌కు చెందిన పెథాలజిస్టు కాజిల్‌మన్ 1950లలో దీన్ని వర్ణించాడు. ఒకే చోట ఉంటే ఆ బిళ్ళ తీసేయడమే వైద్యం. ఒళ్ళంతా ఉంటే ప్రమాదకరం, దానికి మందులు వేరు. ఏదైనా ముక్క చూడనిదే తేలదు. లింఫోమా అరుదైనదేం కాదుగానీ, ఊహతో నెలలు గడిపినందుకు ప్రాణంతో మూల్యం చెల్లించేది అక్కడే.

అట్లాగని ప్రతి బిళ్ళకూ కత్తి పెట్టమని నేననడం లేదు. తలలో పేలు, కురుపులు, పుచ్చిన పన్ను, గొంతునొప్పి, వీటికే మెడ బిళ్ళలు కడతాయి. మూడు నాలుగు వారాలు చూడవచ్చు. అప్పటికీ తగ్గకపోయినా, పెరుగుతున్నా, గట్టిగా రాయిలా ఉన్నా, బరువు తగ్గిపోతున్నా, రాత్రి చెమటలు పడుతున్నా ఆగకూడదు. మెడ ఎముక పైన గుంటలో వచ్చిన బిళ్ళకైతే ఈ నిరీక్షణ కూడా పనికిరాదు. ముందు సూది పరీక్ష చేస్తారు. మచ్చ పడదు, ఖర్చు తక్కువ, టీబీని చాలాసార్లు అదే పట్టిస్తుంది. కానీ దాని పరిమితి తెలుసుకోవాలి. చిటికెడు ముగ్గుపిండి చేతిలో పోసి, వాకిట్లో ఏ ముగ్గు వేశారో చెప్పమంటే ఎలా చెప్తాం? సూదిలోకి కణాలు వస్తాయి, అమరిక రాదు. ఈ అరుదైన జబ్బులన్నీ అమరికను బట్టే తెలుస్తాయి. అందుకని బిళ్ళను మొత్తంగా తీయాలి.

'పెళ్ళి కావలసిన పిల్ల, మెడ మీద గాటేమిటి?' ఈ మాట అనే తల్లిని నేను తప్పుపట్టలేను. ఆడపిల్ల మెడకు వెలకట్టే సంబంధాల బజారును ఆవిడ సృష్టించలేదు. కానీ ఆ భయంతో ముక్క పరీక్ష మానేసి, పేరు తెలియని జబ్బుకు మందులు వాడించడాన్ని మనం ప్రశ్నించాలి. చర్మపు ముడత వెంట చిన్న గాటు పెట్టమని సర్జన్‌ని అడగవచ్చు. కనపడకుండా గజ్జల్లో బిళ్ళ తీయమంటే మాత్రం, చాలాసార్లు ఏమీ తేలక మళ్ళీ కోయాల్సి వస్తుంది. మచ్చ గురించి అందరూ మాట్లాడతారు, నరం గురించి ఎవరూ మాట్లాడరు. మెడ పక్క భాగంలో భుజాన్ని ఎత్తే నరం ఒకటి చర్మానికి దగ్గరగా పోతుంది. దానికి దెబ్బ తగిలితే భుజం వాలిపోతుంది, చెయ్యి పైకి లేవదు. బిందెలెత్తే స్త్రీకి, కుట్టు మిషను మీద బతికే స్త్రీకి మచ్చకంటే ఇది పెద్ద విషయం. సంతకానికి ముందు చెప్పాల్సిన సంగతి ఇది.

ఆ సంతకం భర్తదో తండ్రిదో కావాలనే ఆనవాయితీ ఇంకా పోలేదు. సమీరా కోహ్లీ కేసు గుర్తు చేస్తాను. 1995లో ఢిల్లీలో నలభై నాలుగేళ్ళ అవివాహిత లాపరోస్కోపీ పరీక్షకు వెళ్ళింది. మత్తులో ఉండగా తల్లి అంగీకారం తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. వయసొచ్చిన, స్పృహలోకి రాగల స్త్రీ తరఫున తల్లి అంగీకారం చెల్లదని, పరీక్షకిచ్చిన అంగీకారం చికిత్సకు అంగీకారం కాదని 2008 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. నష్టపరిహారం పాతికవేలే. తీర్పు విలువ మాత్రం మనం వాడుకున్నంత. పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతి హాస్టలు పిల్లకూ ఈ తీర్పు తెలియాలి.

ఆసుపత్రికి తోడు వెళ్ళే కార్యకర్తలు కొన్ని గట్టిగా అడగాలి. ముక్క తీయకముందు స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టారా? అవి లింఫోమాను కప్పేయగలవు. తీసిన ముక్క మొత్తాన్ని ఫార్మలిన్ సీసాలో వేసేస్తే టీబీ క్రిములు చచ్చిపోతాయి, కల్చర్ పరీక్షకు పనికిరాదు. అందుకని కొంత భాగం సెలైన్‌లో వేరుగా పంపమని ముందు రోజే చెప్పాలి. సీసా పట్టుకుని ల్యాబుకు పరిగెత్తేది చాలాసార్లు మనవాళ్ళే కాబట్టి ఇది మనకు తెలిసి తీరాలి. రిపోర్టు ఆమె చేతికే ఇవ్వమనాలి. ముక్కను మైనంలో పోతపోసి ఉంచే బ్లాకును, స్లైడులను రెండో అభిప్రాయం కోసం అడిగి తీసుకోవచ్చు. అరుదైన జబ్బు అన్నప్పుడు ఇది తప్పనిసరి. ఎల్.బి. నగర్‌లో మెట్రో ఎక్కితే లక్డీకాపూల్‌లో దిగి రెడ్‌హిల్స్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి పోవచ్చు.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉన్న స్థలంలో వెయ్యి పడకల ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. మనమంతా పడకల లెక్కే అడుగుతున్నాం. అక్కడి పెథాలజీ విభాగంలో ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ పరీక్షలు ఉచితంగా చేస్తారా, లింఫు బిళ్ళలు చదవగలిగిన పెథాలజిస్టులు ఎందరుంటారు అని కూడా మన వినతిపత్రాల్లోకి ఎక్కాలి.

చివరగా ఒక పని. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులివ్వాలి, ఆసుపత్రిలో చేరినవాళ్ళ రికార్డులు మూడేళ్ళు దాచాలి. మీమీ బస్తీల్లో ఈ మూడేళ్ళలో ఆసుపత్రిలో చేరి బిళ్ళ తీయించుకుని, కాగితం చేతికి రానివాళ్ళు ఎవరున్నారో కనుక్కోండి. వాళ్ళ దరఖాస్తులు వాళ్ళ పేరుతోనే రాయించుకు రండి. గడువు దాటకముందే వేద్దాం.