పెద్దకర్మ ముగిసిన పిమ్మట మన బాధ్యత

(పుదుచ్చేరి నెల్లితోపులో రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వేతనాలను గూర్చి, ఖాళీల భర్తీని గూర్చి మనము ఎన్నోమారులు చర్చించుకొన్నాము. నేడు మీ ముందుంచదలచిన విషయము వేరు. ఒక ఉద్యోగి మరణించినప్పుడు ఆ కుటుంబము పట్ల వైద్యులు, ఇరుగుపొరుగువారు, సంఘము నెరవేర్చవలసిన కర్తవ్యమేమి?

ముందుగా మా తప్పిదమును ఒప్పుకొంటాము. కొన్నేండ్ల క్రితము పట్టాల పనిలోనున్న ఒక గ్యాంగ్‌మన్ రైలు క్రిందపడి మరణించారు. మేము వెళ్ళాము. పూలమాల వేశాము. సంతాప తీర్మానము చేశాము. చందా పోగుచేసి ఇచ్చాము. ఆ తరువాత ఏడు నెలలపాటు మాలో ఏ ఒక్కరమూ ఆ గడప త్రొక్కలేదు. చివరకు ఆయన భార్యయే సంఘ కార్యాలయానికి వచ్చి, చేతిసంచిలోని కాగితాలు బల్లపై పరిచారు. కుటుంబ పింఛను దరఖాస్తు ఒక సంతకము కొరకు ఆగియున్నది. “కాగితం సంగతి అలా ఉంచండి అన్నగారూ. ఆయన పేరు ఎత్తేవారే లేకుండా పోయారు. నేను ఎత్తితే అందరూ మాట మారుస్తున్నారు” అన్నారు ఆ సోదరి. మాకు జవాబు తోచలేదు.

మన సమాజానికి పరామర్శ తెలియనిది కాదు. చావు జరిగిన ఇంట పొయ్యి వెలిగించనీయక ఇరుగుపొరుగువారు అన్నము పంపుతారు. బంధువులు పది దినాలు కనిపెట్టుకొని ఉంటారు. ఇది ఏ ఆసుపత్రీ ఈయలేని ఆసరా. కాని పెద్దకర్మ ముగియగానే అందరూ ఎవరి దారిన వారు పోతారు. ఒంటరితనము ఆనాడే మొదలవుతుంది. మరొకవంక, భర్తను కోల్పోయిన స్త్రీని శుభకార్యాలకు దూరముంచే దురాచారము నేటికీ పూర్తిగా పోలేదు. రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహము జరిపించినది 1881లో. ఇన్నేండ్ల తరువాత కూడ మన సహచరుని భార్య తన బిడ్డ పెండ్లిలో ఒక మూల నిలబడవలసివస్తే, దుఃఖానికి అవమానము తోడవుతుంది.

వైద్యుల పాత్ర మరణవార్త చెప్పే క్షణములోనే ఆరంభమవుతుంది. వరండాలో నిలబడి తొందరపాటుగా అన్న మాటను ఆ కుటుంబము జీవితాంతము మరువదు. కూర్చోబెట్టి, డొంకతిరుగుడు లేక చెప్పి, ప్రశ్నలకు సమయమిచ్చి, కడసారి చూపునకు వీలు కల్పించుటకు ఖరీదైన యంత్రము అక్కరలేదు. ఈ బరువు తపాలా, తంతి సోదరులకు తెలిసినదే. 2013లో తంతి సేవ ముగిసేవరకు, తంతి వచ్చినదంటే విప్పకముందే ఇల్లు గొల్లుమనేది. చదివి వినిపించి, పొరుగువారిని పిలిచి, ఆ తరువాతనే గడప దిగినవారు మనలో ఉన్నారు.

దుఃఖము రోగము కాదు. అధికసంఖ్యాకులు అయినవారి తోడుతో క్రమేణ తేరుకొంటారు. అయితే ఆరు మాసాలు దాటినా తీవ్రత తగ్గక, నిత్యజీవితము సాగనీయని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుండి అమలులోనున్న తన వర్గీకరణలో రుగ్మతగా గుర్తించినది. బ్రతుకు వద్దన్న మాట వినబడితే మాత్రము ఒక్క దినము కూడ వేచియుండరాదు. వెంటనే వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలిమానస్ సేవకు 14416 నంబరుపై ఏ వేళనైనా ఉచితముగా ఫోను చేయవచ్చును.

ఈ తీరమే మనకొక పాఠము నేర్పినది. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో పుదుచ్చేరి, కారైకాల్ ప్రాంతాలలో సుమారు 600 మంది ప్రాణాలు కోల్పోయారు. ఊరూరికి మానసిక వైద్యులు ఎక్కడ దొరుకుతారు? అందుచేత బెంగుళూరు నిమ్హాన్స్ నిపుణులు సునామీ పీడిత ప్రాంతాలలో స్థానిక కార్యకర్తలకు శిక్షణనిచ్చారు. ఓపికగా వినుట, ఏడ్వనిచ్చుట, చికిత్స అవసరమైనవారిని గుర్తించి పంపుట వారి పని. ఈ పని మనమూ నేర్చుకొనగలము.

మనకిది మరింత అవసరము. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగా వద్ద, అదే ఏడు అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి వద్ద జరిగిన ప్రమాదాలు మరువరానివి. కంటకాపల్లి మృతులలో రైలు సిబ్బంది కూడ ఉన్నారు. ఇట్టి ప్రమాదస్థలాలలో శవాలను మోసి, వెనువెంటనే పట్టాలు సరిచేయుటకు వంగే కార్మికుని పరామర్శించువారెవరు? బండి ముందు మనిషి పడుట కన్నులారా చూచిన లోకో పైలట్ మాటేమి? వారూ దుఃఖితులే.

కనుక మేము కోరునది ఇది. ప్రతి శాఖయు ఇద్దరు సభ్యులను, అందొక మహిళను, ఈ పనికి నియమించాలి. వారు ఒక్కొక్క కుటుంబానికి ఒక పూర్తి సంవత్సరము బాధ్యులు కావాలి. దరఖాస్తులు తామే మోయాలి. తొలి పండుగనాడు, సంవత్సరీకమునాడు తప్పక వెళ్ళాలి. గ్రూప్ సి నేరు నియామకపు ఖాళీలలో తపాలా శాఖ కారుణ్య నియామకాలకున్న 5 శాతము పరిమితిపై మన పోరాటము సాగవలసినదే. ఏండ్ల తరబడి ఎదురుచూపులలో తల్లికి, కోడలికి మధ్య తగవులు పుట్టిన ఇండ్లు మనమెరుగుదుము.

ఆ సోదరి దరఖాస్తుపై సంతకము వారము తిరుగకముందే తెప్పించాము. అది తేలిక. ఆ తరువాత ఆమె ఇంటికి వెళ్ళి, ఆయన పేరు చెప్పి, వానలో రాత్రివేళ లైను కాపలా కాసిన ఆయన పనితనమును బిడ్డలకు వినిపించాము. ఆమె ఏడ్చారు. తరువాత తానే మరొక సంగతి చెప్పి నవ్వారు. ఆ ఏడు నెలలలో మేము చేయవలసియుండినది ఇంతే. ఇక ముందు ఏ ఇంటనూ ఆ లోటు జరుగరాదు.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!