తెగిన పొరలను కలిపే విద్య

బంగాళాఖాతం అడుగున పొర మీద పొరగా పేరుకున్న బురద ఉంది. నదులు మోసుకొచ్చిన మట్టి, సూక్ష్మజీవుల గుల్లలు కలిసిన బురద. వేల వేల ఏళ్ల నాటి వానాకాలాల ఆనవాళ్లు అందులో దాగున్నాయి.

ఆ బురద కోసమే 2014 చివర్లో జాయిడెస్ రిజల్యూషన్ అనే పరిశోధన నౌక వచ్చింది. గొట్టం దించి, పొరలు చెదరకుండా బురదను పైకి తీశారు. ఒక్కో ముక్క సుమారు 9.5 మీటర్ల పొడవు.

అయితే ఒక చిక్కు. ఒక ముక్కకూ, దాని కింది ముక్కకూ నడుమ కొంత బురద తప్పిపోతుంది. అక్కడ చరిత్ర తెగిపోతుంది. మరి ఏం చేస్తారు?

పక్కనే ఇంకో రంధ్రం వేస్తారు. ఈసారి లోతు కాస్త మారుస్తారు. మొదటి రంధ్రంలో తెగిన చోటు, రెండోదాంట్లో ముక్క నడిమధ్యన పడుతుంది.

రెండింటిలోనూ ఉన్నది ఒకే పొర అని తెలిసేదెలా? రంగు, సాంద్రత, అయస్కాంత గుణం కొలుస్తారు. ఆ హెచ్చుతగ్గులను గీతలుగా గీస్తారు. రెండు గీతల ఎత్తుపల్లాలు సరిపోయిన చోట కాగితం మీద ముక్కలను జత చేస్తారు. చీరకు అతుకు వేసేటప్పుడు అంచు పువ్వును పువ్వుతో కలుపుతామే, అలాగే.

ఇలా పై నుంచి కింది దాకా తెగని పొరల వరుస తయారవుతుంది. గుర్తుంచుకోండి. ఒక్క రంధ్రం చాలదు. ఒకదాని లోటును పక్కది పూరిస్తేనే రుతుపవనాల కథ మనకు పూర్తిగా వినిపిస్తుంది.