అడవి పేరే ఆమె పేరైంది



ఇవాళ ఉగాండా దేశపు ఆడబిడ్డ ఒకామె గురించి చెప్తాను. పేరు బియాట్రిస్ అన్యువార్. అక్కడి జనం మాత్రం ‘మామా మాబిరా’ అంటారు. మాబిరా అంటే అడవి. రాజధాని కంపాలా నుంచి జింజా పోయే దారిలో సుమారు 30 వేల హెక్టార్లలో ఉంటుంది.

ఆమెది ఆ అడవి పక్క ఊరేం కాదు. ఉత్తరాన కిట్గుమ్ జిల్లా. ఇరవై ఏళ్ల యుద్ధంలో అక్కడి జనం ఊళ్లు వదిలి శిబిరాల్లో బతికారు. ఉగాండాలో జిల్లాకో మహిళా సీటు ఉంటుంది. 2006లో ప్రతిపక్షం తరఫున ఆ సీటు గెలిచి పార్లమెంటుకు వెళ్లింది.

ఆ వెంటనే మాబిరా గొడవ వచ్చింది. చెరకు తోటల కోసం 7,100 హెక్టార్లు, అంటే అడవిలో దాదాపు పావు వంతు, ఒక చక్కెర కంపెనీకి ఇస్తామన్నాడు అధ్యక్షుడు ముసెవేని. ఆ కంపెనీ మన దేశం నుంచి వెళ్లిన మెహతా కుటుంబానిది. ‘అది నా జిల్లా కాదులే’ అని ఆమె ఊరుకోలేదు. ముందు నిలబడింది. జనం ఫోన్లలో మెసేజ్‌లు పంపుకున్నారు, ఆ చక్కెర కొనొద్దని. బుగాండా రాజ్యం అయితే అడవిని వదిలేయండి, వేరే భూమి మేమిస్తాం అంది.

2007 ఏప్రిల్ 12న కంపాలాలో ఊరేగింపు. అది అదుపు తప్పింది. ముగ్గురు చనిపోయారు. అందులో ఒకరు భారతీయుడు, గుంపు రాళ్లతో కొట్టి చంపింది. ఇది దాచి చెప్తే మనకు మనమే అబద్ధం చెప్పుకున్నట్టు. కొట్లాట కంపెనీతో, సర్కారు నిర్ణయంతో. దారిన పోయే మనిషితో కాదు. ఈ ముక్క మనం ప్రతి ర్యాలీకి ముందు గుర్తు చేసుకోవాలి.

తర్వాత ఆమెను అరెస్టు చేశారు. కానీ అదే ఏడాది సర్కారు వెనక్కి తగ్గింది. 2011లో మళ్లీ ఆ మాట ఎత్తితే, మళ్లీ జనం అడ్డం తిరిగారు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది అనిపిస్తుంది. 2016లో ఆమె పార్టీ లేకుండా స్వతంత్రంగా గెలిచింది. 2019 డిసెంబరులో అదే ముసెవేని ఆమెను పర్యావరణ సహాయ మంత్రిని చేశాడు. ఆమె ఒప్పుకుంది.

దీన్నేమనాలి? నేను చాలా ఆలోచించాను. కుర్చీ ఎక్కినంత మాత్రాన అమ్ముడుపోయిందనను. కుర్చీలో మనవాళ్లున్నారు కదా అని ఇంటికెళ్లి పడుకుందామనీ అనను. మాబిరాను నిలబెట్టింది ఆమె ఒక్కతే కాదు. చక్కెర కొనడం మానేసిన అమ్మలు, మెసేజ్ పంపిన కుర్రాళ్లు, రోడ్డెక్కిన జనం. నాయకులు పార్టీ మారతారు, కుర్చీ మారతారు. కావలి మాత్రం జనానిదే. మన గ్రామసభ రిజిస్టరులో సంతకం పెట్టేముందు తీర్మానం పూర్తిగా చదివించుకోండి. మన కావలి అక్కడే మొదలవుతుంది.