మనవడి గిటారు, నా తొందరపాటు

(సంఘం కుటుంబ సమ్మేళనంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ బకాయిల మీద మాట్లాడమంటారేమోనని కాగితాలు తెచ్చుకున్నాను. కార్యదర్శిగారు "అవి ప్రతి నెలా ఉన్నవేగా, మీ మనవడి గిటారు సంగతి చెప్పండి" అన్నారు. అందులో తప్పు నాది గనుక కాస్త సంకోచంగానే ఉంది.

నేను లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేశానని మీకు తెలుసు. నిజాం రైల్వే కాలంలో, 1893లో మొదలైన కార్ఖానా అది. ఆ రోజుల్లో ఆంగ్లో ఇండియన్ సోదరుల క్వార్టర్ల నుంచి సాయంత్రం పూట గిటారు వినబడేది. ఇంట్లో మా ఆవిడ వీణ. నాకు వాయించడం రాదు గాని, అపశ్రుతి చెవిన పడితే ఊరుకోలేను.

మనవడి గిటారులో తీగను నొక్కకుండా మీటితే బాగానే పలికేది. మొదటి రెండు మెట్ల మీద వేలు నొక్కితే స్వరం పైకి పోయేది. "చెవులు లేవట్రా?" అని రోజూ కసిరేవాణ్ణి. ఆరు నెలలు భరించి, గిటారును సంచిలో పెట్టి బీరువా మీదికి ఎక్కించాడు. వాడికి సంగీతం అబ్బదని నలుగురి ముందూ అనేశాను కూడా.

ఒకనాడు మా ఆవిడ దాన్ని దించి మీటి చూసి, "వాడి చెవి కాదండీ, వాయిద్యమే సరిగా లేదు" అంది.

వీణకు 24 మెట్లూ మైనం మీద కూర్చుంటాయి. తేడా వస్తే మైనం మెత్తబరచి మెట్టు జరపవచ్చు. గిటారు మెట్లు చెక్కలో దిగగొట్టినవి, జరగవు. వాటికి లెక్క ఉంది. తీగ పొడవును 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం వస్తుంది. 650 మిల్లీమీటర్ల తీగకు సుమారు 36.5. పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో. ఈ కొలత మొదలయ్యేది బిరడల పక్కనున్న, ఆరు గాట్ల చిన్న అడ్డుపట్టీ దగ్గర. దాన్ని నట్ అంటారు. మన బోల్టుకు బిగించే నట్టు కాదు లెండి.

ఆ గాట్లు ఎత్తుగా ఉంటే తీగను ఎక్కువ లోతుకు నొక్కాలి. నొక్కినకొద్దీ తీగ సాగి బిగువెక్కుతుంది, స్వరం హెచ్చుతుంది. నట్‌కు దగ్గరి మెట్ల మీదే ఈ బాధ ఎక్కువ. పన్నెండో మెట్టు తప్పు పలికితే ముందుగా రెండో కొసన ఉన్న గుర్రాన్ని చూడాలి. ఫోనులో శ్రుతి చూపే యాప్ పెట్టి చూశాం. పన్నెండోది సరిగానే ఉంది, మొదటిది హెచ్చు. మూడో మెట్టు దగ్గర తీగ నొక్కితే, మొదటి మెట్టుకూ తీగకూ మధ్య వెంట్రుకవాసి సందు చాలు. మావాడి గిటారులో నా ఫీలర్ గేజ్ అర మిల్లీమీటరు రేకు హాయిగా దూరిపోయింది!

పాత ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి, ఎముక ముక్క తెచ్చి, అద్దం మీద ఎమరీ కాగితం పరచి అరగదీశాను. ఆ దుమ్ము పీల్చకూడదు, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. సూది ఆకురాయితో గాట్లు కోశాను. గాటు బిరడల వైపు వాలి ఉండాలి, తీగ మెట్ల వైపు అంచునే ఆనాలి. ముప్ఫై ఏళ్ళు ఫిట్టరు పని చేసినవాణ్ణి, ఒక్క రుద్దు ఎక్కువ రుద్దాను. మీటితే తీగ మొదటి మెట్టుకు తగిలి జిర్రుమంది. మా ఆవిడ నవ్వింది. రెండో ముక్కకు రెండు రుద్దులకోసారి తీగ బిగించి చూసుకుంటూ చేస్తే కుదిరింది. తీగ పట్టేయకుండా గాట్లలో పెన్సిలు ముక్కు రుద్దాను.

ఇప్పటికీ ఆవిడకు దాని అంతర గాంధారం నచ్చదు. స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసిన వాయిద్యం కదా, అక్కడ కాస్త హెచ్చుగానే ఉంటుంది. అది నా ఆకురాయికి లొంగేది కాదు.

మనవణ్ణి పిలిచి, "తప్పు నాదిరా" అన్నాను. ఏమీ అనలేదు. గిటారు తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. రాత్రి భోజనానికి మూడుసార్లు పిలవాల్సి వచ్చింది.

వాడు వరండాలో ఉన్నాడు. టీ తరువాత వాయిస్తాడు. వినికిడి యంత్రాలు జేబుల్లో ఉన్నవాళ్ళు దయచేసి పెట్టుకోండి.